జిమ్‌లో ఉన్న సామానుతోనే చేతిపట్టు

(జిమ్ శిక్షకులు, సభ్యుల ముందు చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మధ్యమధ్యలో బార్‌బెల్, అంటే ప్లేట్లు ఎక్కించే పొడుగు రాడ్డు, పట్టుకుని చూపిస్తాను, అంత దూరం నుంచి వేళ్ళు కనపడవు.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో ఒకటే అడిగారు: గ్రిప్, అంటే చేతిపట్టు కోసం ఏమేం సామాను కొనాలో ఒక లిస్టు చెప్పండి అని. నేను లిస్టు తేలేదు. ఏమీ కొనొద్దని చెప్పడానికే వచ్చాను. (నవ్వులు) జిమ్ ఓనర్లు చప్పట్లు కొట్టకండి, మీ సంగతి కూడా ఉంది.

ఈ హాల్లో ఉన్న రాడ్డు చూడండి. మగవాళ్ళ పోటీల బార్ మందం 28 మిల్లీమీటర్లు. మన అరచేతిలో చక్కగా ఇమిడిపోతుంది. జారకుండా ఒంటినిండా గరుకు గీతలు చెక్కి ఉంటాయి. చివర్లలో ప్లేట్లు ఎక్కించే భాగం, అదే స్లీవ్, దానంతటది తిరుగుతుంది. బరువు పైకి వచ్చేటప్పుడు ప్లేట్లు తిరిగినా మన చేతిలో రాడ్డు మెలిక పడదు. ఇక తీగ లాగి బరువులెత్తే కేబుల్ మెషీన్ల హ్యాండిళ్ళకి మెత్తటి రబ్బరు. ఇవన్నీ ఎందుకు పెట్టారు? వీపు, కాళ్ళు చేసే పనికి చెయ్యి అడ్డం రాకూడదని. అందులో తప్పేం లేదు. అయితే ఆ మేరకు చేతికి పని తగ్గిపోయింది. దాని మీద మళ్ళీ మణికట్టుని రాడ్డుకి బిగించే పట్టీలు, స్ట్రాప్‌లు కట్టుకుంటే ఉన్న కాస్త పనీ పోతుంది.

అందుకే 120 కిలోల బార్‌ని నేల మీంచి ఎత్తి నిలబడే, అంటే డెడ్‌లిఫ్ట్ చేసే కుర్రాడు 50 కిలోల సిమెంటు బస్తాని లారీ మీంచి దించబోతే వేళ్ళు జారిపోతాయి. పక్కనే బక్కపల్చటి హమాలీ దాన్ని రెండు మూలలూ పట్టి భుజానికెత్తుకుని పోతాడు. బస్తాకి పిడి లేదు, గీతలు లేవు, పట్టుకున్న చోట సంచి లోపలికి పోతుంది. మన పల్లెల్లో గుండెత్తే పోటీలు చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. గుండ్రాయికి పిడి ఉండదు కదా. శ్రీకాకుళం వైపు సంగిడి రాళ్ళెత్తేవాళ్ళ ముంజేతులు ఎప్పుడైనా గమనించండి.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. జిమ్‌లో చేతికి అమర్చిపెట్టిన సౌకర్యాల్లో ఏదో ఒకటి తీసేయండి. సన్నగా ఉన్నదాన్ని లావు చేయండి. గరుకుగా ఉన్నచోట నున్నటిది పట్టుకోండి. కదలకుండా ఉన్నదాన్ని తిరగనివ్వండి. పిడి ఉంటే పిడి వదిలేసి ఇంకోచోట పట్టుకోండి. ఇలా చేస్తే జిమ్‌లో ఉన్న ప్రతి వస్తువూ గ్రిప్ మెషీనే అవుతుంది.

ఒక్క నిమిషం శరీరం గురించి చెప్పి ముందుకు పోతాను. వేళ్ళలో కండ లేదు. వేళ్ళని ముడిచే కండరాలు ముంజేతిలో, మోచేతి దగ్గర మొదలవుతాయి. వాటి స్నాయువులు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్ళు, మణికట్టులో ఒక ఇరుకు దారిలోంచి వెళ్ళి వేళ్ళ ఎముకలకి అంటుకుంటాయి. తోలుబొమ్మని దూరం నుంచి తాడుతో ఆడించినట్టే. బొటనవేలి సంగతి వేరు. దాని కండ చాలావరకు అరచేతిలోనే, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, అక్కడే ఉంటుంది. అందుకని బొటనవేలికి విడిగా పని పెట్టకపోతే అది వెనకబడిపోతుంది. బజార్లో దొరికే స్ప్రింగ్ నొక్కుడు బొమ్మ బొటనవేలికి పెద్దగా ఏమీ చేయదు. అది నాలుగు వేళ్ళు ముడిచే పని ఒక్కటే చేయిస్తుంది. రోజూ బస్సులో కూర్చుని దాన్ని రెండొందలసార్లు నొక్కేవాళ్ళకి ఓపిక పెరుగుతుంది, బలం అంతగా పెరగదు. ఇరవైసార్లు తేలిగ్గా అయిపోయే బరువుతో ఛాతీ పెరగనట్టే ఇదీ పెరగదు.

సరే, లావు దగ్గర మొదలుపెడదాం. నాకు ఇష్టమైన కథ ఒకటుంది. ఫ్రాన్సులో లూయీ యూనీ అని ఒక వస్తాదు ఉండేవాడు. 1862లో పుట్టాడు, ప్రదర్శనల్లో అపొల్లాన్ అని పేరు పెట్టుకున్నాడు. ఆయన దగ్గర ఒక ఇరుసు ఉండేది, రెండు వైపులా రైలు చక్రాలు. మొత్తం 166 కిలోలు. 166 కిలోలు ఆ తర్వాతి కాలపు వెయిట్‌లిఫ్టర్లకి ఎత్తలేని బరువేం కాదు. చిక్కంతా ఇరుసు మందంలో ఉంది, దాదాపు 49 మిల్లీమీటర్లు. పైగా చక్రాలూ ఇరుసూ ఒకటే ముక్కగా తిరుగుతాయి. వెయిట్‌లిఫ్టర్లు బొటనవేలిని మిగతా వేళ్ళ కిందికి దూర్చి పట్టుకుంటారు, హుక్ గ్రిప్ అంటాం. సిడ్నీ ఒలింపిక్స్‌లో మన మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తిందన్నా, ఇవాళ జూనియర్లు ఎత్తుతున్నారన్నా చేతి దగ్గర నడిచేది ఆ పట్టే. 49 మిల్లీమీటర్ల లావు ఇరుసు మీద హుక్ గ్రిప్ పడదు, వేళ్ళు అందవు. 1930లో షార్ల్ రిగూలో, 1949లో జాన్ డేవిస్ దాన్ని తలమీదికి ఎత్తారు. ఇద్దరూ ఒలింపిక్ విజేతలే. అలాంటివాళ్ళకే అది పరీక్ష అయింది.

ఇంగ్లండులో థామస్ ఇంచ్ అని ఇంకొకాయన. ఆయన డంబెల్ 78 కిలోలు, పిడి మందం 60 మిల్లీమీటర్లు. ఒంటిచేత్తో నేల మీంచి లేపమని సవాలు చేసేవాడు. రమ్మంటే చాలామంది వచ్చేవాళ్ళు, లేపలేక పోయేవాళ్ళు. 78 కిలోలు ఒంటిచేత్తో లాగే నడుం బలం ఉన్నా వేళ్ళు తెరుచుకుపోతాయి.

ఇప్పుడు అసలు విషయం. అపొల్లాన్ ఇరుసు 49 మిల్లీమీటర్లు అన్నాను. మన జిమ్‌లో ఒలింపిక్ బార్ స్లీవ్ మందం ఎంతో తెలుసా? 50. (సభలో మాటలు) అవును. లావు బార్ కావాలంటే ఆన్‌లైన్లో వెతకక్కర్లేదు, ప్లేట్లు ఎక్కించే చోటే ఉంది. నున్నగా ఉంటుంది, తిరుగుతుంది కూడా. రెండు ఇబ్బందులూ ఒకేచోట దొరికాయి.

చూపిస్తాను, కొంచెం పక్కకి జరగండి. బార్ ఒక చివరని గోడ మూలకి ఆనించండి. గోడ గీసుకుపోకుండా పాత గుడ్డ ఒకటి పెట్టండి, లేకపోతే ఓనరు నన్ను తిడతారు. రెండో చివర నేల మీద ఉంటుంది. ఆ స్లీవ్ పక్కన నిలబడి, మోకాళ్ళు వంచి, ఒంటిచేత్తో స్లీవ్ చివర పట్టుకుని నిలబడండి. సూట్‌కేసు ఎత్తినట్టు వీపు తిన్నగా ఉండాలి. ఖాళీ బార్ 20 కిలోలు, ఒక చివర నేల మోస్తోంది కాబట్టి మీ చేతికి పది కిలోల పైచిలుకు వస్తుంది. తర్వాత అదే స్లీవ్ మీద లోపలి అంచుకి ఒక ప్లేటు ఎక్కించి క్లిప్ పెట్టండి. పట్టుకోడానికి ఇంకా జానెడు పైనే చోటు మిగులుతుంది. పది కిలోల ప్లేటు పెడితే చేతికి ఇంకో ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోలు పెరుగుతాయి. జాగ్రత్తగా ఐదు ఐదు పెంచుకుంటూ పోండి. డెడ్‌లిఫ్ట్ బాగా చేసేవాళ్ళు కూడా ఇక్కడ చాలా తొందరగా ఆగిపోతారు. పాదం మాత్రం ప్లేటు కింద ఉండకూడదు. జారితే చెప్పి జారదు.

అదే స్లీవ్‌తో ఇంకో పని ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా బాగా నచ్చుతుంది. రిస్ట్ రోలర్ చాలామందికి తెలుసు. ఒక కర్ర, మధ్యలో తాడు, తాడుకి బరువు. చేతులు ముందుకి చాపి కర్రని తిప్పుతూ బరువుని పైకి చుట్టాలి. మామూలుగా చేస్తే ఏమవుతుంది? ముంజేతుల కంటే ముందు భుజాలు అలిసిపోతాయి. భుజాలకి పని తప్పించడానికి ర్యాక్, అంటే బార్ ఆనించి పెట్టే స్టాండు, ఉంది కదా. బార్‌ని ర్యాక్ మీద ఛాతీ ఎత్తులో పెట్టండి. ఒక వైపు స్లీవ్‌కి పది పదిహేను కిలోల ప్లేటు ఎక్కించి క్లిప్ పెట్టండి, లేకపోతే మీరు రెండో వైపు వేలాడదీసిన బరువుకి బార్ తిరగబడొచ్చు. రెండో స్లీవ్ లోపలి అంచు దగ్గర గట్టి నైలాన్ తాడు రెండు చుట్లు చుట్టి టేపు వేయండి, తాడు చివర ఐదు కిలోల ప్లేటు కట్టండి. ఇప్పుడు స్లీవ్ ముందు నిలబడి రెండు చేతులతో స్లీవ్‌ని తిప్పండి. బేరింగు మీద తిరుగుతుంది కాబట్టి బార్ కదలదు, స్లీవ్ మాత్రమే తాడుని చుట్టుకుంటుంది. పైకి చుట్టాక వదిలేయకండి. దించేటప్పుడు కూడా ఒక్కో చెయ్యి మార్చుకుంటూ మెల్లగా దించాలి. అసలు మంట అప్పుడే పుడుతుంది. అరచేతులు మీవైపుకి తిప్పితే ముంజేతి లోపలి వైపు, అవతలికి తిప్పితే పై వైపు. రెండూ చేయండి.

స్లీవ్ తిరగని పాత బార్లు కొన్ని జిమ్‌ల్లో ఉంటాయి. తుప్పు పట్టి ఉంటుంది, లేదా సన్నరాడ్డు రకం. అప్పుడు ఎరువుల కొట్టు దగ్గరో హార్డ్‌వేర్ షాపులోనో జానెడున్నర పీవీసీ పైపు ముక్క అడగండి. పొలాల్లో వేసే 63 మిల్లీమీటర్ల పైపు ఇంచ్ డంబెల్ పిడికన్నా కొంచెం లావు. 50 మిల్లీమీటర్లది మొదలుపెట్టేవాళ్ళకి. దాని లోపల నుంచి గట్టి తాడు దూర్చి, రెండు కొసలూ కిందికి కలిపి కేబుల్ మెషీన్ హుక్కుకో ప్లేట్లకో కట్టేయండి. బకెట్ పిడి ఎలా ఉంటుందో అలా తయారవుతుంది. పైపు తాడు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. పైపు తిరుగుతోందంటే వేళ్ళు తెరుచుకోవాలని చూస్తోందని అర్థం, దాన్ని ఆపడమే వ్యాయామం. పైపు అంచులు కత్తిలా ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే తాడు తెగుతుంది.

ఇంకా తేలిక కావాలంటే, డంబెల్ పిడికి తువ్వాలు రెండు చుట్లు చుట్టి పట్టుకోవడమే. లావు అవుతుంది, మెత్తబడుతుంది. రోయింగ్, అంటే వంగి బరువుని పొట్ట వైపుకి లాగడం చేయండి, కర్ల్, అంటే మోచెయ్యి మడిచి ఎత్తడం చేయండి. బరువు మామూలు కంటే మూడో వంతు తగ్గించుకుని మొదలుపెట్టండి. తలకి పైన చేసే వ్యాయామాలకి, బెంచ్ ప్రెస్‌కి మాత్రం తువ్వాలు చుట్టకండి. ముఖం మీద ఉన్నప్పుడు పట్టు జారితే ఆ ప్రయోగం అక్కడితో ముగుస్తుంది.

ఇక చిటికెపట్టు. బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్ళు ఇంకోవైపు, అరచెయ్యి తగలకుండా. నున్నటి ఇనప ప్లేట్లు ఉన్న జిమ్‌లో ఇది చాలా సులువు. రెండు ఐదు కిలోల ప్లేట్లని, నున్నటి వైపులు బయటికి వచ్చేలా జోడించి, అంచు దగ్గర చిటికెతో పట్టి ఎత్తండి. పక్కన పట్టుకుని నిలబడండి, వీలైతే నడవండి. రెండు పది కిలోల ప్లేట్లని ఒంటిచేత్తో అలా ఎత్తగలిగితే మీ బొటనవేలు మామూలుది కాదు. ఇప్పుడొచ్చే రబ్బరు ప్లేట్లకి పట్టుకోడానికి రంధ్రాలు ఉంటాయి, నున్నటి వైపు దొరకదు. వాటితో కుదరదు. వడ్రంగి దగ్గర మిగిలిపోయిన చెక్కముక్క తీసుకోండి, రెండంగుళాల మందం, జానెడు పొడవు. కింద ఒక ఐ-హుక్కు, అంటే రింగు తల ఉన్న మర, బిగించి దాని నుంచి గొలుసుతో ప్లేట్లు వేలాడదీయండి. ఇంత పనికి వడ్రంగి డబ్బులు కూడా తీసుకోడు. షట్కోణం తలల డంబెల్స్ ఉంటే, పిడి వదిలేసి, పైన తలని ఐదు వేళ్ళతో గద్ద పట్టినట్టు పట్టి ఎత్తండి. తల అంచుల వెడల్పు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఈ జిమ్‌లో ఎత్తిన బరువు ఇంకో జిమ్‌లో ఎత్తలేకపోవచ్చు. దానికి కంగారు పడకండి.

ఇప్పుడు నొక్కే బలం, పిడికిలి బిగించే బలం. దీనికి విదేశాల్లో బలమైన స్ప్రింగ్ గ్రిప్పర్లు అమ్ముతారు. కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అని ఒక రకం, అందులో మూడో నంబరు 280 పౌండ్లని రేటింగు. అది మూయడం ప్రపంచంలో చాలా తక్కువమందికి సాధ్యం. మనకి అక్కర్లేదు. స్మిత్ మెషీన్ చూపించండి... అదిగో, బార్ నిలువు పట్టాల మీద పైకీ కిందికీ మాత్రమే కదిలే మెషీన్. చాలామంది స్క్వాట్‌కి తప్ప దాన్ని ముట్టుకోరు, కొందరు దాన్ని తువ్వాళ్ళు ఆరేయడానికి వాడతారు. (నవ్వులు)

స్మిత్ బార్‌ని నడుం ఎత్తులో హుక్కులకి తగిలించి లాక్ చేయండి. అది కదలదు, అదే మనకి కావాలి. కేబుల్ మెషీన్‌కి వాడే పొట్టి రాడ్డు ఒకటి తీసుకోండి. దాని రెండు చివర్లకీ తాళ్ళు కట్టి, ఆ రాడ్డుని స్మిత్ బార్ కింద ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో వేలాడేలా స్మిత్ బార్‌కే కట్టేయండి. ఆ తాళ్ళు వదులుగా, రాడ్డుని పైకి లాగితే అడ్డం రాకుండా ఉండాలి. అదే రాడ్డు రెండు చివర్ల నుంచి ఇంకో జత తాళ్ళు కిందికి వదిలి వాటికి ప్లేట్లు వేలాడదీయండి. ఇప్పుడు అరచేతిలో మణికట్టు దగ్గరి భాగాన్ని స్మిత్ బార్ మీద ఆనించి, వేళ్ళని ముందు నుంచి కిందికి దించి ఆ పొట్టి రాడ్డుని అందుకోండి. వేళ్ళు ముడుస్తూ రాడ్డుని స్మిత్ బార్‌కి తగిలించండి. రెండు సెకన్లు ఆపి దించండి. ఐదుసార్లు, ఆరుసార్లు చేయగలిగే బరువు పెట్టుకోండి. ఇది స్ప్రింగ్ కంటే ఒక విషయంలో మెరుగు: అరకిలో అయినా పెంచుకోవచ్చు. స్ప్రింగ్‌లో ఒక నంబరు నుంచి ఇంకో నంబరుకి పోవడానికి నెలలు పడుతుంది. లోటు కూడా చెప్పాలి. రెండు రాడ్ల మందం అడ్డం ఉంటుంది కాబట్టి పిడికిలి పూర్తిగా మూసుకోదు. సగం మూసిన దాకా వచ్చే బలం వస్తుంది, చివరి అంగుళం బలం రాదు. దానికి బార్‌బెల్‌ని వీపు వెనక పట్టుకుని, వేళ్ళు తెరిచి రాడ్డుని వేలి కొసల దాకా దొర్లనిచ్చి మళ్ళీ పిడికిలి బిగించాలి. వెనక పట్టుకోవడానికి కూడా స్మిత్ మెషీనే తేలిక, కింద స్టాపర్లు పెట్టుకుంటే జారినా నేల మీద పడదు.

వేలాడటం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలుసు. పైన అడ్డంగా బిగించిన పుల్‌అప్ బార్ పట్టుకుని వేలాడండి. నిమిషం దాకా ఉండగలిగితే, ఇంకా ఎక్కువసేపు వేలాడటంలో బలం లేదు, ఓపికే. అప్పుడు బార్ మీద రెండు తువ్వాళ్ళు వేసి, వాటిని పట్టుకుని వేలాడండి. ఒక్కసారిగా పది సెకన్లకి వచ్చేస్తారు. తువ్వాలు కొత్తదీ మందంగా ఉన్నదీ అయితే మంచిది. పాత నూలు తువ్వాలు అంచు దగ్గర చిరుగుతుంది, వీపు మీద పడతారు. పుల్‌అప్ చేయలేనివాళ్ళు, పై నుంచి రాడ్డుని కిందికి లాగే లాట్ పుల్‌డౌన్ మెషీన్‌లో, పొడుగు రాడ్డు తీసేసి, కొక్కెంలోంచి తువ్వాలు దూర్చి దాన్ని లాగండి. కూర్చుని ముందు నుంచి లాగే సీటెడ్ రోలో కూడా అంతే. ఇక బరువులు పట్టుకుని నడవడం ఉంది. రెండు చేతుల్లో బరువైన డంబెల్స్, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి. ఎవరూ చెప్పకపోయినా ఏ జిమ్‌లోనైనా రోజూ చేయదగ్గ పని అదొక్కటే.

ఆ... ఎవరో చెయ్యెత్తారు. చెప్పు తమ్ముడూ.

(సభలోంచి: మాస్టారూ, మేం కబడ్డీ ఆడతాం. రైడర్ చీలమండ పట్టుకుంటే జారిపోతోంది.)

చీలమండ పట్టు అడిగావు. చూడు, చీలమండ రాడ్డులా ఉండదు. లావు, చెమట, పైగా అవతలివాడు తంతూ లాగుతుంటాడు. కదలని బరువు పట్టుకుని నిలబడితే నీకు సగమే ఉపయోగం. ఇద్దరు చేరండి, ఒక తువ్వాలు మెలిపెట్టి ఇద్దరూ రెండు కొసలు పట్టుకోండి. ఒకడు ఒక్కసారిగా గుంజాలి, రెండోవాడు వదలకూడదు. ఎప్పుడు గుంజుతాడో చెప్పకూడదు. తర్వాత తువ్వాలు తడిపి చేయండి. స్లీవ్ ఎత్తడం కూడా నీకు పనికొస్తుంది, అది లావు, నున్న. ఇంకో మాట, పట్టు జారడానికి ఎప్పుడూ వేళ్ళే కారణం కాదు. చెయ్యి దూరంగా చాచి పట్టుకుంటే ఎంత బలం ఉన్నా జారుతుంది. దగ్గరికి వెళ్ళి ఛాతీకి అదుముకోవడం మీ కోచ్ నేర్పుతారు, ఆయన మాట విను.

చెమట అంటే గుర్తొచ్చింది. మన కోస్తా జిల్లాల్లో మే నెలలో రాడ్డు పట్టుకుంటే నీళ్ళ కుళాయి పట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే చాక్. మెగ్నీషియం కార్బొనేట్, చెమటని పీల్చుకుంటుంది. కొందరు ఓనర్లు నేల పాడవుతుందని వద్దంటారు. నీళ్ళలా ఉండే చాక్ వస్తోంది, అది రాలదు, ఒప్పుకోండి. ముఖానికి వేసుకునే టాల్కం పౌడరు మాత్రం వేయకండి. అది ఇంకా జారుతుంది.

ఎప్పుడు చేయాలి, ఎంత చేయాలి? వ్యాయామం అంతా అయ్యాక, చివర్లో, పది పదిహేను నిమిషాలు. ముందు చేస్తే డెడ్‌లిఫ్ట్‌లో చెయ్యి వదిలేస్తుంది. వారానికి రెండుసార్లు చాలు, మూడు ఎక్కువే. ఒకరోజు లావుది, తిప్పేది. ఇంకోరోజు చిటికె, నొక్కేది. అన్నీ ఒకేరోజు చేద్దామనే ఉత్సాహం మొదటి నెలలో అందరికీ ఉంటుంది. ముంజేతి కండ తొందరగా బలపడుతుంది, స్నాయువు అంత తొందరగా బలపడదు. కండ ఒప్పుకుంటోందని బరువు పెంచుతూ పోతే మోచేతి లోపలి ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది. అది మొదలైతే నెలలు సతాయిస్తుంది. టీ కప్పు ఎత్తినా తెలుస్తుంది. నొప్పి కండలో కాకుండా ఎముక దగ్గర, వేలి మొదట్లో ఉంటే ఆ రోజు ఆపేయండి. తరచూ రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే గ్రిప్ పని మానేసి డాక్టర్‌కి చూపించుకోండి. అది మణికట్టులో ఆ ఇరుకు దారి తాలూకు గొడవ కావచ్చు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగపట్టి గట్టిగా పట్టుకోకూడదు. పట్టుకుని ఉన్నంతసేపూ బీపీ పెరుగుతుంది. లెక్కపెడుతూ ఊపిరి వదలండి.

వేళ్ళు ముడిచే పని ఇంత చెప్పాను, తెరిచే పని కూడా కొంచెం చేయాలి. కొత్తిమీర కట్టకి వేసే రబ్బరు బ్యాండ్లు నాలుగు కలిపి ఐదు వేళ్ళ చుట్టూ వేసుకుని వేళ్ళు విప్పండి. ఇరవై, పాతికసార్లు. లేదా బకెట్‌లో ఇసక పోసి చెయ్యి లోపలికి దూర్చి విప్పండి. బియ్యం డబ్బాలో చేయమని కొందరు చెప్తారు. ఇంట్లో అమ్మ ఒప్పుకుంటే చేయండి. (నవ్వులు)

ఆ వెనక ఎవరో... చెప్పండమ్మా.

(సభలోంచి: ఇదంతా కుర్రాళ్ళకి కదండీ. మా అత్తగారికి అరవై ఐదు. సీసా మూత కూడా తిప్పలేకపోతున్నారు. ఆవిడకి ఇది పనికొస్తుందా?)

పనికొస్తుంది. ఈ సభలో ఆవిడకే అందరికంటే ఎక్కువ పనికొస్తుంది. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 17 దేశాలు, అందులో మన దేశం కూడా ఉంది, దాదాపు 1,40,000 మంది. చేతిపట్టు ఐదు కిలోలు తక్కువ ఉన్నకొద్దీ ఏ కారణం చేతనైనా చనిపోయే అవకాశం 16 శాతం ఎక్కువగా కనపడింది. దీన్ని పట్టుకుని స్ప్రింగులు అమ్మేవాళ్ళు ఇది నొక్కితే ఆయుష్షు పెరుగుతుందని చెప్తున్నారు. అధ్యయనం ఆ మాట అనలేదు. ఒంట్లో మొత్తం కండ ఎలా ఉందో చెయ్యి చెప్తుందంతే. ఆసియా దేశాల వైద్యులు 2019లో పెట్టుకున్న గీత ప్రకారం మగవాళ్ళకి 28 కిలోలు, ఆడవాళ్ళకి 18 కిలోల కంటే పట్టు తక్కువుంటే కండ కరిగిపోతోందేమో చూడాలి. డైనమోమీటర్ అని చేత్తో నొక్కి కొలిచే పరికరం, చాలా ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో ఉంటుంది. ఒకసారి కొలిపించండి.

చేయాల్సింది ఏంటంటే, ముందు కీళ్ళవాతం లాంటిది ఏమైనా ఉందేమో చూపించండి. వేళ్ళ కణుపులు వాచి ఉంటే నేను చెప్పినవేవీ వద్దు. అది లేకపోతే ఆవిడ ఒకప్పుడు ఇంట్లో చేసిన పనులే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. బావిలో నీళ్ళు తోడారు, చీరలు పిండారు, రోట్లో పచ్చడి నూరారు. ఇప్పుడు మోటారు, మెషీను, మిక్సీ. పొద్దున ఒక చిన్న తువ్వాలు తడిపి అటూ ఇటూ మెలిపెట్టి పిండమనండి, కూర్చునే. చేతికొకటి చొప్పున లీటరు నీళ్ళ సీసాలు మెడ దగ్గర పట్టుకుని హాల్లో నడవమనండి. సీసా మెడ దగ్గర పట్టుకోవాలి, పిడి ఉన్న సంచిలో వేసి కాదు. వారం తర్వాత ఇంకొంచెం పెద్ద సీసాలు. వీలైతే మీతో పాటు జిమ్‌కి తీసుకురండి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం కూడా నేర్పాలి, చెయ్యి ఒక్కటే బాగుపడితే చాలదు. ఓనరుగారూ, అరవై దాటినవాళ్ళకి పొద్దున పది గంటల వేళ ఫీజు తగ్గించి రానివ్వండి. ఆ టైములో మీ జిమ్ ఖాళీయే కదా. మీ సంగతి ఉందని ముందే చెప్పాను. (చప్పట్లు)

సరే, ఇంక మాటలు చాలు. స్లీవ్ ఎత్తి చూడాలనుకునేవాళ్ళు ఇటు వరసలో రండి. ఖాళీ బార్‌తో మొదలు, ఆ తర్వాత ఐదు కిలోలు. చెప్పులు వేసుకున్నవాళ్ళు బూట్లు వేసుకుని రండి. ఉంగరాలు తీసి జేబులో పెట్టుకోండి, పెళ్ళి ఉంగరమైనా సరే.